పసుపు దారం కట్టిన పెట్టె

పులస చేరాల్సిన చోటికి సత్యకుమారి కడుపులోంచి తీసిన గడ్డ ముక్క చేరింది. గడ్డ ముక్క చేరాల్సిన చోటికి పులస చేరింది. సంగతి బయటపడేసరికి శుక్రవారం పొద్దు బాగా ఎక్కింది. మధ్యాహ్నంలోపు ఆ ముక్క రాజమండ్రి ఆసుపత్రికి చేరకపోతే సత్యకుమారికి దొరకబోయే కొత్త వైద్యం ఇంకొకరికి పోతుంది.

తప్పు ఎవరిదంటే మొగుడూ పెళ్లాలిద్దరిదీ. లోకనాథ్‌ని కూడా కలుపుకుంటే ముగ్గురిదీ. అసలు మొదలుపెట్టింది ఆయనే.

బుధవారం పొద్దున్న వశిష్ఠ గోదావరి ఎర్రగా, వడిగా పారుతోంది. ఎర్రనీరు దిగిందంటే సముద్రంలోంచి పులస ఎదురీదుకుంటూ వస్తుంది. రేవులో ఆగిన నావలకంటే గట్టు మీద ఆగిన కార్లే ఎక్కువున్నాయి. వాటిలో తెల్లకారు పాలకొల్లులో హోటలున్న లోకనాథ్‌ది. గంగయ్య నావ దిగీ దిగకముందే ఆయన ఎదురెళ్లాడు.

"గంగయ్యా, శనివారం మా వియ్యాలవారు భోజనానికొస్తున్నారు. శుక్రవారానికి పులస మా వంటింట్లో ఉండాలి. ఆ సాయంత్రం వండి, ఒక రాత్రి నిలవుంచితే గానీ పులుసు పులుసు కాదు. పులస లేదంటే నా పరువు గోదాట్లో కలిసినట్టే."

"పడితే మీదేనండి."

"ఇంకో మాట." లోకనాథ్ గొంతు తగ్గించాడు. హోటల్లో కేకలేసి కేకలేసి అలవాటైన గొంతు అది, తగ్గినా వలలు దాచుకునే పాక దాకా వినపడుతుంది. "కడగడం, ఐసులో పెట్టడం అంతా నువ్వే చూసుకో. మీ ఆవిడ చెయ్యి పెట్టకుండా. ఏమనుకోకు. హోటలన్నాక పదిమంది తినేది కదా. ఆ జబ్బేంటో, ఎలా అంటుకుంటుందో ఎవరికి తెలుసు?"

గంగయ్య తన కాళ్ల వంక చూసుకున్నాడు. "అలాగేనండి" అన్నాడు.

పాకలో తాటాకు దడి వెనక, కత్తిపీట మీద కూర్చున్న సత్యకుమారి చెయ్యి ఆగిపోయింది. తలకి చుట్టుకున్న తువ్వాలు కింద కొత్తగా మొలుస్తున్న జుట్టు దురద పెట్టింది. ఆమె చేతిలో ఉన్నది కొరమేను. ఆ మధ్యాహ్నం లోకనాథ్ హోటల్లో, లోకనాథ్ కంచంలోనే పడబోయే కొరమేను.

కారు వెళ్లిపోయాక గంగయ్య పాకలోకి వచ్చాడు.

"ఏం మావా, అలాగేనండి అన్నావు?"

"ఏమనమంటావే? ఎనిమిది నెలల్నించీ తమరు తింటున్నది మా ఆవిడ చేతి చేపేనండి అనమంటావా?"

"అనాల్సింది."

"అంటే రేపట్నించి రేవులో మన బుట్ట దగ్గర ఎవడాగుతాడు?"

 ఆమె ఒక గుప్పెడు పొలుసులు తీసి మొగుడి బనీను మీద వేసింది. కీమో ఎక్కించుకొచ్చిన రోజుల్లో కూడా, వాంతులు తగ్గగానే ఆమె లేచి ఈ పాకలోకే వచ్చేది. మంచం మీద పడుకుంటే తను రోగి, కత్తిపీట మీద కూర్చుంటే తను సత్యకుమారి. తేడా అంతే. కానీ అలా కూర్చోవడం దడి వెనక నుంచే. రేవులో నలుగురి మధ్య కూర్చుని బేరమాడే పీట, ఎనిమిది నెలలుగా చూరుకి వేలాడుతోంది.

గురువారం మధ్యాహ్నం పులస పడింది. ఈ ఏడాది ఆ రేవులో మొదటి పులస. వెండి పలకలా మెరుస్తూ, లోపల గుడ్ల జన నిండి, పొట్ట బిగిసి ఉంది. రేవంతా చుట్టూ మూగింది. గంగయ్య దాన్ని రెండు చేతుల మీదా పాకలోకి తెచ్చి, పెళ్లాం ముందు పెట్టి, పెళ్లికొడుకులా నవ్వుతూ మళ్లీ నావ దగ్గరికి పోయాడు.

అదే సమయానికి కూతురు లక్ష్మీదుర్గ స్కూటీ వచ్చి ఆగింది. తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి భీమవరం వెళ్లొచ్చింది. అక్కడి ఆసుపత్రిలోనే సత్యకుమారికి ఆపరేషనయింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న జిప్పు కవరు తీసి తల్లి అరచేతిలో పెట్టింది. అందులో బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బా. దాని మీద తెల్లటి మైనపు బిళ్ల. మైనంలో గోధుమరంగు మరక.

"ఇదేనా?"

"ఇదేనమ్మా. నీ గడ్డలోని ముక్క. ఆపరేషనప్పుడు తీసి దాచి ఉంచారు."

సత్యకుమారి దాన్ని వెలుతురుకెత్తి చూసింది. డాక్టర్లు అండాశయం అన్నప్పుడు ఆమెకి బుర్రకెక్కలేదు. చేపలో జన సంచిలాంటిదే మనిషిలోనూ అని ఎవరో చెప్పాక అంతా కళ్లకి కట్టింది. ఎన్ని జన సంచులు చీల్చిందో ఈ కత్తిపీట మీద! చెడ్డదాన్ని రంగు చూసే పక్కన పడేసేది. తన లోపలి దాని రంగు మాత్రం ఆమెకి ఇప్పటిదాకా తెలీదు.

"ఇంత లేదు. ఇదా నన్ను ఇన్ని తిప్పలు పెట్టింది!"

"పెట్టడం అయిపోలేదుగా. మళ్లీ మొలిచింది కాబట్టేగా రాజమండ్రి పరుగు. రేపు మధ్యాహ్నంలోపు నాన్న ఇది ఆశాజ్యోతి గారికి ఇచ్చెయ్యాలి. ఈ విడతలో ఒక్క చోటే ఖాళీ ఉందంట. అది నీకోసం ఆపారు."

ఆశాజ్యోతి రాజమండ్రి ఆసుపత్రిలో కొత్త మందుల పరిశీలన చూసే సిస్టరు. సోమవారం ఆమె చెప్పినదంతా సత్యకుమారి ఈ గురువారం సాయంత్రం అన్నం తింటున్న మొగుడికి ఒప్పజెప్పింది.

"గడ్డ ఊరికే కూర్చోదంట మావా. పంటకాలవకి దొంగతూము పెట్టి చేపల చెరువుకి నీళ్లు లాక్కోరూ? అలా వంట్లో రక్తం తన వైపు లాక్కుంటదంట. అవి కూడా తిన్నని కాలవలు కాదు. అన్నీ వంకర్లు, గండ్లు. మన వంట్లో కాపలా కణాలుంటాయి కదా, అవి దీన్ని చంపుదామని బయల్దేరి, ఆ వంకర్లలో దారి దొరక్క గట్టునే నిలబడిపోతాయంట. కొందరు కాపలావాళ్లయితే గడ్డతో చేతులు కలిపి, దానికే కొత్త కాలవలు తవ్విపెడతారంట."

"కాలవ కాపలా లస్కరు చెరువులోళ్లతో కలిసిపోయినట్టు" అన్నాడు గంగయ్య, నోట్లో ముద్ద పెట్టుకుంటూ.

"అచ్చం అలాగే. ఇప్పుడొక మందు ఆ దొంగ కాలవలకి అడ్డుకట్ట వేస్తది, ఉన్నవాటి వంకర్లు సరిచేస్తది. ఇంకో మందు కాపలావాళ్లని తట్టి లేపుద్ది. రెండూ కలిపి ఇస్తారు."

"మరి ఈ ముక్కతో పనేంటి?"

"కాపలావాళ్లు కొందరైనా లోపలికి దూరారో లేదో ఇందులో చూస్తారు. దూరినట్టు తేలితేనే ఈ వైద్యానికి తీసుకుంటారు. తీసుకున్నా తగ్గుద్దని గ్యారంటీ లేదని కూడా చెప్పారులే. ఆవిడ ఏదీ దాచదు."

గంగయ్య ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "దూరే ఉంటారు" అన్నాడు. "నీ వంట్లో కాపలావాళ్లు కదా. ఊరుకుంటారా?"

అతను నావ కట్టెయ్యడానికి వెళ్లాడు. కూతురు పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. సత్యకుమారి పాకలో రెండు థర్మాకోల్ పెట్టెలు ముందేసుకుంది. ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చే పెట్టెలు, రెండూ ఒక్క సైజే. ఒక దాంట్లో అడుగున ఐసు పొడి, పైన అరిటాకు, ఆకు మీద పులస పొట్ట పైకి, మళ్లీ ఆకు, మళ్లీ ఐసు. రెండో పెట్టె దగ్గర కాస్త ఆలోచించింది. మైనంలో ఉన్నా మాంసమే కదా. మాంసాన్ని ఐసు లేకుండా ఊరు దాటించడం ఆమె పుట్టి పెరిగిన వాళ్లలో ఎవరూ చెయ్యని పని. జిప్పు కవరుని మధ్యలో పెట్టి, కుదుపులకి కదలకుండా పెట్టె నిండా ఐసు కూరింది. రెండు పెట్టెలకీ టేపు వేసింది. ఎత్తి చూస్తే బరువులో కూడా తేడా లేదు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాదిలో పడిన మొదటి పులస పెట్టెకి పసుపు దారం కట్టి, గంగమ్మకి దండం పెట్టుకుని, అప్పుడు పంపుతారు. సత్యకుమారి దారానికి పసుపు రాసింది. పులస పెట్టె మీదికి చెయ్యి చాపింది. మధ్యలోనే ఆగింది.

"ఈ ఏడు చేప తర్వాత, నేను ముందు" అని గంగమ్మకి చెప్పి, దారాన్ని రెండో పెట్టెకి కట్టేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గంగమ్మ దగ్గర వరస తప్పి ముందుకి దూరినట్టు ఆమెకి కొంచెం సిగ్గేసింది.

శుక్రవారం పొద్దున్నే హోటల్ ఆటో గట్టు మీద హారన్ కొట్టింది.

"ఏది హోటలుదో ఏది ఆసుపత్రిదో చూసుకున్నావా మావా?" ఇంట్లోంచి సత్యకుమారి కేకేసింది.

"పులస పెట్టె ఏదో నాకు నువ్వు చెప్పాలా!" గంగయ్య పసుపు దారం కట్టిన పెట్టెని కళ్లకద్దుకుని ఆటోవాడికిచ్చాడు. రెండోది చంకలో పెట్టుకుని రాజమండ్రి బస్సెక్కాడు.

ఫోను వచ్చేసరికి సత్యకుమారి పెరట్లో తల తడుపుకుంటోంది.

"సత్తే." గంగయ్య గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "పెట్టెలో పులస ఉందే."

"ఏ పెట్టెలో?"

"ఇక్కడ. ఆసుపత్రిలో. ఆశాజ్యోతి గారు మూత తీశారు. చేప ఆవిడ వంక చూస్తంది. ఆవిడ నా వంక చూస్తన్నారు."

"మరి దారం..."

"దారం ఉన్నదే కదే హోటలుకిచ్చాను!"

 సత్యకుమారి తడితల మీద తువ్వాలు బిగించి, "దుర్గా! స్కూటీ తియ్యి!" అని అరిచింది. లోకనాథ్‌కి ఫోను చేస్తే ఎత్తలేదు. పాలకొల్లు దాకా కూతురి నడుం పట్టుకుని, ప్రతి గతుకు దగ్గరా ఆపరేషన్ కుట్లు గుర్తుచేసుకుంటూ, ఒక్క మాటే అంటూ కూర్చుంది: "వండేశారేమోనే, వండేశారేమోనే."

హోటల్ వెనక గుమ్మంలో వంటమనిషి పాపాయి ఎదురైంది. నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది.

"వచ్చావా తల్లీ! పులస ఏదమ్మా? పెట్టె విప్పితే ఐసు తప్ప ముల్లు కూడా లేదు. మా బాబుగారు లోపల శివాలెత్తుతున్నారు, గంగయ్య మోసం చేశాడని."

"ఆ ఐసేం చేశావు పాపాయమ్మా?"

"ఏం చేస్తాను? మంచి ఐసు పారబోస్తానా? కూల్‌డ్రింకుల టబ్బులో గుమ్మరించాను."

టబ్బు హోటల్ ముందు భాగంలో, బల్లల పక్కనే ఉంది. టిఫిన్లు చేసేవాళ్లు నిండుగా ఉన్నారు. ఎనిమిది నెలలుగా సత్యకుమారి ఇంతమంది మధ్యకి వెళ్లలేదు. ఒక్కసారి ఊపిరి తీసుకుని, వంటింట్లోంచి నేరుగా నడిచి, టబ్బు ముందు చతికిలబడి సీసాలు తీసి కింద పెట్టసాగింది.

"ఏయ్, ఏయ్! ఏంటది?" లోకనాథ్ కౌంటరు వెనక నుంచి వచ్చాడు. మనిషిని గుర్తుపట్టి రెండడుగుల దూరంలోనే ఆగిపోయాడు. "నువ్వా! నువ్వు లోపలికెందుకొచ్చావమ్మా? అందులో చెయ్యెందుకు పెట్టావు?"

"నా ముక్క పడిందండి ఇందులో."

"ఏం ముక్క?"

"నా క్యాన్సర్ ముక్కండి."

హోటల్లో ఇడ్లీలు గాల్లోనే ఆగిపోయాయి. కూల్‌డ్రింకు తాగుతున్న ఒకాయన సీసాని మెల్లగా బల్ల మీద పెట్టి, దూరంగా జరిపాడు. లోకనాథ్ ముఖంలో రంగులు మారాయి.

"నా హోటల్లోనా? నా కూల్‌డ్రింకుల్లోనా?"

"భయపడకండి బాబూ. మైనంలో ఉంది, మైనం కవర్లో ఉంది. అయినా అది అంటుకునే రకం కాదండి. అంటుకునేదే అయితే ముప్పై ఏళ్లుగా పక్కన పడుకునే మా ఆయనకి అంటుకోవాలిగా? ఆయనకి నా తిట్లే అంటుకోలేదు."

వెనక బల్ల నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. లక్ష్మీదుర్గ కూడా మోకాళ్ల మీద కూర్చుని చేతులు పెట్టింది. అడుగున, కరిగిన నీళ్లలో, సోడా సీసాకి అతుక్కుని జిప్పు కవరు దొరికింది. సత్యకుమారి దాన్ని పైకెత్తి, నీళ్లు లోపలికి పోలేదని చూసుకుని, గుండెకి ఆనించుకుంది. గోడ గడియారం వంక చూసింది. బస్సులో వెళ్తే అందుకోలేరు.

లోకనాథ్‌కి అప్పుడే ఇంకో సంగతి తట్టింది. "మరి నా పులస ఎక్కడుంది?"

"రాజమండ్రిలోనండి. ఆసుపత్రి ఫ్రిజ్జులో."

ఆయన ఆమె వంక చూశాడు, కవరు వంక చూశాడు, గడియారం వంక చూశాడు. రేపు వియ్యాలవారు. ఈ సాయంత్రం పొయ్యి మీద దాక. జేబులోంచి కారు తాళాలు తీశాడు.

"పాపాయీ! చింతపండు నానబెట్టి ఉంచు. ఎక్కండమ్మా, ఎక్కండి!"

"కాస్త ఐసు ఇప్పించండి బాబూ, దీనికి" అంది సత్యకుమారి. హోటల్ టిఫిను డబ్బాలో ఐసు పోసి ఇచ్చింది పాపాయి.

కారులో తల్లీ కూతుళ్లు వెనక కూర్చున్నారు. లోకనాథ్ నాలుగు అద్దాలూ దించేశాడు. మార్టేరు దాటారు. సిద్ధాంతం దగ్గర హైవే ఎక్కి, వశిష్ఠ వంతెన మీద ఆయన బండిని ఉరికించాడు. రావులపాలెం అరటి గెలల లారీలని ఎడాపెడా దాటించాడు. తను వెళ్తున్నది చేప కోసమే అని ఆయనకి తెలుసు. కానీ అలా పందెం తోలినట్టు తోలుతుంటే, ఎవరి పందెమో కాసేపు మరిచిపోయాడు.

ఆశాజ్యోతి ఫోను చేసింది. "ఎక్కడిదాకా వచ్చారండీ? వ్యాను వచ్చి గేటు దగ్గరుంది. మా ఎజ్రా గారు ముక్కని పొరల్లా కోసి గాజుపలకల మీద ఎక్కిస్తే, హైదరాబాద్ ల్యాబుకి పట్టుకెళ్లాల్సిన వ్యాను అది. డ్రైవరుకి రెండుసార్లు టీ ఇప్పించాను. ఇప్పుడు మూడోది తాగుతున్నాడు. ఇంకెన్ని తాగిస్తాను?"

"జొన్నాడ వంతెన మీదున్నాం సిస్టర్!" లక్ష్మీదుర్గ అరిచింది.

కడియం దగ్గర కొబ్బరి మొక్కలు నింపుకున్న లారీ ఒకటి రోడ్డుకడ్డంగా వెనక్కి తిరుగుతోంది. లోకనాథ్ హారన్ మీద చెయ్యి తియ్యలేదు. లారీ అంగుళం అంగుళం జరుగుతోంది. సత్యకుమారి ఒళ్లో డబ్బాలో ఐసు కరిగి టిక్కుమంటోంది.

"ఇంతకీ ఆ ముక్కలో ఏం చూస్తారమ్మా?" అద్దంలోంచి ఆమెని చూస్తూ అడిగాడు. ఆమె కాలవలు, గండ్లు, గట్టున నిలబడిపోయిన కాపలావాళ్లు అంతా చెప్పింది. గడ్డతో చేతులు కలిపే కాపలావాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆయన స్టీరింగు మీద కొట్టాడు.

"అబ్బ! వంట్లో కూడా ఇదేనా!"

"వంట్లోనే మొదలైందేమోనండి."

లోకనాథ్ పైకే నవ్వేశాడు. లారీ తప్పుకుంది.

ఆసుపత్రి గేటులో డ్రైవరు నాలుగో గ్లాసు అప్పుడే కింద పెట్టాడు. సత్యకుమారి పరుగెత్తలేదు, కుట్లు లాగుతున్నాయి. లోకనాథ్ ఆమె చేతిలోంచి డబ్బా లాక్కుని, మెట్లెక్కి, వరండా పొడుగునా పరుగెత్తాడు. అది తనే పట్టుకుని పరుగెత్తానని ఆయనకి ఎజ్రా చేతిలో పెట్టాక గానీ తెలియలేదు.

ఎజ్రా ల్యాబులో పనిచేసే బట్టతల మనిషి. మూత తీసి చూసి కనుబొమలెత్తాడు. "ఐసులో పెట్టారే!"

"తప్పయిందండి" గంగయ్య గోడ పక్క నుంచి అన్నాడు. పొద్దుట్నుంచీ అతను ఆ గోడకే అతుక్కుని ఉన్నాడు. "చేపల మనుషులం. మాంసమనగానే ఐసు."

"దీనికి ఐసు అక్కర్లేదు. అయినా నష్టం లేదు. కోసే ముందు మేం కూడా దీన్ని ఐసు మీదే పెడతాం. మైనం బిగిస్తే గానీ పొర పలచగా రాదు." ఎజ్రా కవరు తుడిచి లోపలికి నడిచాడు. "మీరు నాకు ఆ పని తగ్గించారు. డ్రైవర్ గారూ, ఇంకో టీ!"

సత్యకుమారి బల్ల మీద కూలబడింది. ఆమెకి నవ్వొచ్చింది. అది కడుపులో మొదలై, కుట్ల దగ్గర నొప్పి పుట్టించి, అయినా ఆగకుండా పైకొచ్చింది. గంగయ్య కూడా నవ్వాడు. లక్ష్మీదుర్గ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

వ్యాను వెళ్లిపోయాక ఆశాజ్యోతి ఫ్రిజ్జులోంచి పులస పెట్టె తెచ్చింది. "మీ చేప తీసుకెళ్లండి బాబూ. దీన్ని చూడ్డానికి హాస్పిటల్ సగం వచ్చింది. పెద్ద డాక్టరు గారు రెండుసార్లొచ్చారు."

లోకనాథ్ మూత తీశాడు. ఆయన ముఖం విప్పారింది. పూర్వజన్మలో పోగొట్టుకున్నది దొరికినట్టుంది.

"చూడండి, చూడండి సిస్టర్! ప్యాకింగంటే ఇదీ. అడుగున ఐసు పొడి, మీద అరిటాకు, పొట్ట పైకి. నీళ్లు చుక్క తగల్లేదు. పొలుసు ఒక్కటి రాలలేదు. పాలకొల్లు మొత్తం మీద ఇంత శుభ్రంగా పెట్టేవాడు లేడు. ఎనిమిది నెలల్నించీ చూస్తున్నాను, ఒక్క చేప వెనక్కి పంపలేదు. అందుకే నేను గంగయ్య తప్ప..."

గంగయ్య మెడ గోక్కున్నాడు. పెళ్లాం వంక చూశాడు. రేవులో అనలేని మాట, ఆసుపత్రి వరండాలో నోటికొచ్చింది.

"అది నేను కాదండి."

"ఏంటి?"

"నేనెప్పుడూ పెట్టలేదండి. నాకు చేతకాదు. మొదట్నించీ ఆవిడే."

లోకనాథ్ చేతిలో మూత అలాగే ఉండిపోయింది. కొరమేనులు, జెల్లలు, సీతారొయ్యలు, ఎనిమిది నెలల భోజనాలు ఆయన కళ్ల ముందు వరసగా నడిచినట్టున్నాయి. ఆశాజ్యోతి పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగింది.  సత్యకుమారికి అనడానికి చాలా ఉన్నా, ఆ ముఖం చూశాక ఇక ఏదీ అక్కర్లేదనిపించింది.

ఆయన మూత మెల్లగా పెట్టాడు. టేపు ఊడిన చోట వేలితో నొక్కాడు. "బస్సులో ఎందుకు, కారులోనే పోదాం రండి" అన్నాడు. తిరుగు దారిలో అద్దాలు ఎత్తేసి, ఏసీ వేశాడు.

శనివారం, ఆదివారం లోకనాథ్ దగ్గర నుంచి ఒక్క మాట లేదు. గంగయ్య రేవులో కార్లు లెక్కపెట్టుకుని దిగాలుగా వచ్చేవాడు. "పోయాడే. చెప్పకుండా ఉండాల్సింది" అనేవాడు. ల్యాబు నుంచీ కబురు లేదు. సత్యకుమారికి రెండో దాని గురించే దిగులు. గట్టున నిలబడిపోయారో, లోపలికి దూరారో. నిద్రలో కూడా కాపలావాళ్లని పేరుపేరునా పిలిచేది. వాళ్ల పేర్లు తెలియక తమ రేవు వాళ్ల పేర్లే పెట్టుకుంది.

బుధవారం పొద్దున్న ఆమె చూరుకి వేలాడుతున్న పీట దించింది.

"ఎక్కడికే?" అన్నాడు గంగయ్య.

"రేవులోకి. ఆశాజ్యోతి గారేమన్నారు? మందు మొదలెడితే చెయ్యి తెగకూడదు, గాయం తొందరగా మానదు, కత్తిపీట జోలికెళ్లొద్దన్నారు. వైద్యం దొరికితే కత్తి దూరం. దొరక్కపోతే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. "ఏదైనా ఇవాళ మాత్రం నాది."

గట్టు మీద, కార్ల ఎదురుగా, నలుగురూ నడిచే దారిలో పీట వేసుకుని కూర్చుంది. తలకి తువ్వాలు కూడా చుట్టుకోలేదు. వేలెడు జుట్టు గాలికి లేచి నిలబడింది. కొందరు చూసి చూడనట్టు పక్క బుట్టల దగ్గరికి వెళ్లారు. ఒకావిడ ఆగి, కాసేపు తటపటాయించి, వెళ్లిపోయింది. సత్యకుమారి కత్తికి నీళ్లు చల్లి పదును పెట్టుకుంది.

తెల్లకారు వచ్చి ఆగింది. లోకనాథ్ దిగాడు. ఆయన గంగయ్య దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా పీట ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"సత్యకుమారి గారూ" అన్నాడు. ఆయన ఆమెని గారు అనడం రేవు మొదటిసారి విన్నది. గొంతు తగ్గించలేదు. "శనివారం మా వియ్యపురాలు గిన్నె అడుగు దాకా ఊడ్చేసి, ఎవరు పంపారని అడిగింది. చెప్పాను. మీ పేరూ చెప్పాను, కూల్‌డ్రింకుల టబ్బు సంగతీ చెప్పాను. నవ్వీ నవ్వీ పొలమారింది. మళ్లీ ఆదివారం వస్తానంది. ఇవాళ పడిన పులస ఉందా?"

"ఉందండి. పెట్టించమంటారా ఆయనతో?"

"మీరే కొయ్యండి. ఇక్కడే. నేను చూస్తూ ఉంటాను."

పక్క బుట్టల దగ్గర బేరాలు ఆగిపోయాయి. సత్యకుమారి పులసని పీట మీదికి లాక్కుంది. తోక నుంచి తలవైపు కత్తి నడిపింది. పొలుసులు చిమ్మి ఎండలో మెరిశాయి. రెండు వచ్చి లోకనాథ్ చొక్కా మీద పడ్డాయి. పొట్ట చీలిస్తే జన సంచి నిండుగా, బంగారు రంగులో జారి వచ్చింది. మంచిది. ఆమె దాన్ని చెదరకుండా ఎత్తి ఆకు మీద పెట్టింది.

అప్పుడే ఆమె జాకెట్లోంచి ఫోను మోగింది.

రెండు చేతులూ మోచేతుల దాకా నెత్తురూ పొలుసులూ. గంగయ్య నావలో ఉన్నాడు. సత్యకుమారి మోచేత్తో అవస్థ పడి ఫోనుని ఆకు మీదికి జార్చింది. దాని మీద ఆశాజ్యోతి పేరు వెలుగుతోంది.

లోకనాథ్ ఒంగాడు. పొలుసులంటిన ఫోను తీసుకుని, నొక్కి, ఆమె పక్కనే గొంతుక్కూర్చుని, ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు.

"సత్యకుమారి గారా? ఆశాజ్యోతినండి. రిపోర్టొచ్చింది."

"చెప్పండమ్మా."

"దూరారండీ! గడ్డ లోపలికి, మధ్య దాకా దూరారు మీ కాపలావాళ్లు. కావలసినంత మంది ఉన్నారు. సోమవారం రండి, మొదలెడదాం. తగ్గుతుందని నేను మాటివ్వలేను, అది మీకు ముందే చెప్పాను. కానీ మీరు తీసుకునే జాబితాలో ఉన్నారు. వింటున్నారా?"

సత్యకుమారి వింటోంది.  అంత దగ్గరగా కూర్చున్న లోకనాథ్ కూడా విన్నాడు. ఫోను అవతల ఆగిపోయినా ఆయన చెయ్యి ఆమె చెవి దగ్గర అలాగే ఉంది.

"దూరారంట!" ఆయనే లేచి గోదారి వైపు తిరిగి హోటల్ గొంతుతో కేకేశాడు. "గంగయ్యా! లోపలికి దూరారంటయ్యా!"

గంగయ్య నావలోంచి నీళ్లలోకే దూకాడు. మొలలోతు నీళ్లలో చేతులు ఊపుకుంటూ వచ్చాడు. ఎవరు ఎందులోకి దూరారో రేవులో సగం మందికి తెలీదు. అయినా అందరూ ఈలలు వేశారు. ఇందాక తటపటాయించి వెళ్లిపోయిన ఆవిడ వెనక్కి వచ్చి, బుట్టలో జెల్లలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

సత్యకుమారి చివరి ముక్క కోసి, కత్తి కడిగి, తడిసి ముద్దయి ఎదురుగా నిలబడ్డ మొగుడి చేతికిచ్చింది.

"ఇదిగో మావా. సోమవారం నుంచి నీది."

"మరి నా చేపలు?" లోకనాథ్ కంగారుపడ్డాడు. "ఆయనకి చేతకాదని ఆయనే చెప్పాడుగా!"

"ఆయన కోస్తాడు. నేను పక్కన ఈ పీట మీదే కూర్చుని తిడతాను. రుచిలో తేడా రాదండి."

లోకనాథ్ నవ్వుకుంటూ ముక్కల పెట్టె ఎత్తుకుని కారెక్కాడు. తలుపు వేసి స్టీరింగు పట్టుకున్నాడు. ఫోను పట్టుకున్న ఆ అరచేతికి పొలుసులు అతుక్కుని ఉన్నాయి. ఎండ తగిలి తళుక్కుమన్నాయి.

గట్టు మీద నుంచి సత్యకుమారి చూసింది.

"అంటుకుందండీ, బాబుగారూ! చూసుకోండి!"

ఆయన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. కిటికీలోంచి ఆ చేతినే బయటపెట్టి ఊపాడు.

"ఉండనివ్వండి!" అని కారు ముందుకి పోనిచ్చాడు.